మా నాన్న లంక, మా రూమ్మేట్ లంక: రెండూ ఒకటేనా?

గోదారిగాలి
దోహాలో పని చేస్తున్నాను, మాది కోనసీమ. రూములో నలుగురం. నేను, ఒక కేరళ కుర్రాడు, కొలంబో వైపు సింహళీయుడు ఒకడు, జాఫ్నా తమిళుడు ఒకాయన. మొన్న శుక్రవారం అన్నాలు తింటుంటే నాన్న ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నా. "లంక మునిగిపోయిందిరా, వంగ తోటంతా పోయింది" అన్నాడు. సింహళీయుడికి తెలుగు రాదు కానీ లంక అన్న మాట చెవిన పడింది, నా మొహం చూశాడు. ముద్ద వదిలేసి "మా దేశంలో ఏమైంది?" అని కంగారు. గోదాట్లో మాకు ఎకరం లంక భూమి ఉందయ్యా, అది మునిగింది అని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

అక్కడి నుంచి మొదలైంది. వాడు తన దేశాన్ని "లంకావ" అంటాడు. తమిళాయన "ఇలంగై" అంటాడు, ఒక్కోసారి "ఈళం" అంటాడు. కేరళ కుర్రాడి తాత ఇప్పటికీ సిలోన్ అనే అంటాడట. మా నాయనమ్మ కథల్లో సింహళ దేశం ఉండేది. ఒక్క దీవికి ఇన్ని పేర్లేంటి? మా లంక, వాళ్ళ లంక ఒకటే మాటా? ఎవరిది ముందు? రూములో బిర్యానీ పందెం పడింది, త్వరగా చెప్పండి.

చుట్టపొగ
ఎకరం లంకకే ఇంత గొడవైతే, లంకంత ఇల్లు ఉన్నవాడి పరిస్థితి ఏంటో.

పాతబిళ్ళలు
ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మాట్లాడితే ఇంతే. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు.

గోదారిగాలి
@పాతబిళ్ళలు, ఆ సామెత అనువాదం చేసి చెప్పబోయాను. వాడు మొహం అదోలా పెట్టాడు. ఆపేశాను.

రాతిమీదిరాత
నాకు తెలిసినంతవరకు పేర్ల వరస చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

శాసనాల్లో మనకు ముందుగా కనిపించేది లంకా కాదు, సింహళమూ కాదు. తంబపంని. సంస్కృతంలో తామ్రపర్ణి. అశోకుడి రెండో శిలాశాసనంలో మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేయించానని చెబుతూ చోళులు, పాండ్యులు, చివరికి తంబపంని దాకా అంటాడు. ఈ శాసనాలు చదవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదే ఉన్నాయి. గ్రీకులు ఇదే మాటని తప్రొబానే అన్నారు. మెగస్తనీసు నాటికే ఆ పేరు వాళ్ళకి తెలుసు. క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళ పండితుడు టాలమీ పటంలో ఆ దీవి అసలు కంటే ఎన్నో రెట్లు పెద్దగా ఉంటుంది, మన దేశం దాని పక్కన ముడుచుకుపోయినట్టు కనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే తామ్రపర్ణి అనే నది తిరునెల్వేలిలో ఉంది. నది పేరు దీవికి పోయిందా, దీవి పేరు నదికి వచ్చిందా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. లంక వాళ్ళ పాత చరిత్ర గ్రంథం మహావంశం మాత్రం వేరే కథ చెబుతుంది. వాళ్ళ మొదటి రాజుగా చెప్పే విజయుడి మనుషులు ఓడ దిగి అలసటతో నేల మీద చేతులు ఆనించి కూలబడ్డారట, ఎర్రమట్టి అంటి అరచేతులు రాగి రంగుకి తిరిగాయట, అందుకని తంబపంని. పేరు ముందు పుట్టి కథ తర్వాత పుట్టిన వాసన బాగా వస్తోంది కదా.

నాగార్జునకొండలో 3వ శతాబ్దపు బోధిసిరి శాసనం ఒకటుంది. తంబపంని దీవి బౌద్ధ థేరుల (పెద్ద భిక్షువుల) కోసం కట్టించినవి చెబుతూ అందులోనే సింహళ విహారం అని కూడా రాశారు. అంటే అప్పటికే రెండు పేర్లూ మన కృష్ణ ఒడ్డున పక్కపక్కనే నడుస్తున్నాయి.

హనుమజ్జంక్షన్
ఇదంతా ఎందుకండీ. రామాయణంలో లంక అని ఉంది. అది త్రేతాయుగం. అశోకుడు నిన్నగాక మొన్న.

రాతిమీదిరాత
@హనుమజ్జంక్షన్ శాసనాల్లో అన్నాను, గమనించండి.

నక్షత్రంలెక్క
రామాయణం మాట వచ్చింది కాబట్టి ఒక ముల్లు గుచ్చి పోతాను. వరాహమిహిరుడి బృహత్సంహితలో దక్షిణ దేశాల పట్టిక ఉంది. అందులో లంక వేరు, సింహళం వేరు. రెండూ ఒకటే అనుకుంటే ఆయన రెండుసార్లు ఎందుకు రాస్తాడు?

ఇంకోటి. మన జ్యోతిష సిద్ధాంతాల్లో లంక సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంటుంది. ఉజ్జయిని మీదుగా గీసిన రేఖ దక్షిణానికి పోయి భూమధ్యరేఖని తాకే చోటు లంక. పంచాంగ గణితం ఆ లంక నుంచే మొదలు. ఇప్పటి శ్రీలంక దక్షిణపు కొస కూడా భూమధ్యరేఖకి దాదాపు 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంది, ఉజ్జయిని రేఖకి బాగా తూర్పున ఉంది. గణకుల లంక నీళ్ళలోనే ఉంది.

హనుమజ్జంక్షన్
మునిగిపోయి ఉండొచ్చు కదా.

చుట్టపొగ
గోదారిగాలి వాళ్ళ నాన్న కూడా అదే అన్నాడు.

వంగపండు_కాదు
చుట్టపొగ అన్నా 😂 కాఫీ కీబోర్డు మీద పడింది.

కాశీలోరెండేళ్ళు
రామాయణం ఊరూరా లంకల్ని పుట్టించింది అనడానికి నాదో సాక్ష్యం. బనారస్‌లో చదువుకున్నాను. యూనివర్సిటీ గేటు ముందున్న వీధిని లంక అంటారు. "ఎక్కడున్నావ్?" "లంకలో, టీ తాగుతున్నా." అక్కడ రామలీలలో లంక ఘట్టం ఆడేవారు కాబట్టి ఆ పేరట. మొదటిసారి మా అమ్మకి ఫోన్లో లంకలో ఉన్నానంటే కాసేపు మాట్లాడలేదు. అస్సాంలోనూ లంక అనే ఊరుంది. అందుకని గోదావరి లంకలు కూడా పురాణం నుంచే వచ్చి ఉంటాయని నా అనుమానం. నీళ్ళ మధ్య నేల కనిపిస్తే రావణుడి లంక గుర్తొచ్చి ఉంటుంది.

లంకపొగాకు
@కాశీలోరెండేళ్ళు, ఒప్పుకోను. మీ బనారస్ లంక ఒక వీధికి పేరు. మా దగ్గర లంక పేరు కాదు, మామూలు మాట. చెరువు, గట్టు, మడి లాగా. ఏరు ఒండ్రు తెచ్చి పోస్తుంది, మెరక పడుతుంది, మొదట రెల్లు మొలుస్తుంది, నాలుగేళ్ళకి ఎవరో ఒకరు దోస పాదు పెడతారు, అది లంక. వట్టి ఇసకైతే లంక అనం, తిప్ప అంటాం. మట్టి కట్టి పంట పండితేనే లంక. మళ్ళీ గోదారి కోసుకుపోతే "లంక పోయింది" అంటాం. ఊళ్ళ పేర్లు ఆ తర్వాత వచ్చాయి, ఎదుర్లంక, లంకల గన్నవరం. కొల్లేటిలోనూ లంకలే. లంక పొగాకు చుట్ట తాగేవాడు రావణాసురుణ్ణి తలుచుకుని తాగుతాడా?

1986 ఆగస్టు వరదకి మా తాత లంకలో పాకలో ఉన్నాడు. మూడు రోజులు చింతచెట్టు మీద ఉన్నాడని చెప్పేవాడు. ఆయన నోట లంక అంటే రామాయణం గుర్తు రాదండీ, భయం గుర్తొస్తుంది.

కాశీలోరెండేళ్ళు
సరే, మామూలు మాటే. కానీ పురాణం నుంచి వచ్చిన పేరు మామూలు మాటైపోవడం లేదా? పెద్ద తిండిపోతుని కుంభకర్ణుడు అనమా?

లంకపొగాకు
కుంభకర్ణుణ్ణి తలుచుకునే అంటాం కదా మరి. లంక తవ్వేటప్పుడు ఎవరూ ఏమీ తలుచుకోరు.

రాతిమీదిరాత
మీ ఇద్దరి వాదన చాలా పాతది. సంకాలియా అనే పురావస్తు శాస్త్రవేత్త రావణుడి లంక మధ్య భారతంలోనే ఎక్కడో ఉండి ఉండొచ్చని వాదించాడు. లంక అనేది ఒకప్పుడు నీటి మధ్య మెరకకి, గుట్టకి వాడే మామూలు దేశి మాట అయ్యుంటుందన్న ఆలోచన దాని వెనక ఉంది. అది నిజమైతే లంకపొగాకు గారిది పాత అర్థం, సముద్రం మీది దేశానిది దాని పెద్ద కొడుకు. కాకపోతే కాశీ గారిది నిజం. ఒడిశాలో సోన్‌పూర్ ప్రాంతాన్ని శాసనాల్లో పశ్చిమ లంక అన్నారు, అది కూడా నది ఒడ్డే. నా ఓటు గోదారి వైపు.

హనుమజ్జంక్షన్
రావణుడి లంక మధ్యప్రదేశ్‌లోనా? సేతువు నర్మద మీద కట్టారా? ఏం చెబుతున్నారండీ.

వేదికపెద్ద
సేతువు గురించి వేరే చర్చ ఉంది, 400 పోస్టులు దాటింది. దయచేసి ఇక్కడ పేర్ల దగ్గరే ఉండండి. ఇంకొకసారి చెప్పను.

తేయాకుతాత
సిలోన్ సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్లవాడు పెట్టిన పేరు కదా, స్వతంత్రం రాగానే తీసేసి శ్రీలంక పెట్టుకున్నారు. మద్రాసుని చెన్నై చేసినట్టే.

ఓడరేవు_మాట
@తేయాకుతాత మూడు ముక్కల్లో రెండు తప్పు తాతగారూ, కోప్పడకండి.

స్వతంత్రం 1948 ఫిబ్రవరి 4న వచ్చింది. సిలోన్ అనే పేరుతోనే ఇంకో 24 ఏళ్ళు ఉన్నారు. 1972 మే 22న రిపబ్లిక్ అయ్యాక శ్రీలంక అయింది.

తెల్లవాడు కొత్తగా పెట్టిందీ కాదు. మాట నడక చూడండి. సింహళ, పాలీలో సీహళ, దానికి దీప అంటే ద్వీపం చేర్చి సీహళదీప. 6వ శతాబ్దంలో కాస్మాస్ అనే గ్రీకు వర్తకుడు దాన్ని సీలెదీబ అని రాసుకున్నాడు. అరబ్బు ఓడలవాళ్ళ నోట్లో సరందీబ్ అయింది. మార్కో పోలో సెయిలాన్ అన్నాడు. 1505లో పోర్చుగీసులు దిగి సెయిలావ్ అన్నారు, డచ్చివాళ్ళు జెయిలాన్ అన్నారు, ఇంగ్లీషువాళ్ళు సిలోన్ అన్నారు. చైనా యాత్రికుడు ఫాహియాన్ అర్థం పట్టుకుని సింహ దేశం అని అనువాదమే చేసేశాడు. అంటే సిలోన్ అన్నా సింహళం అన్నా ఒకటే మాట, ఒకటి గుడిలో ఉంది, ఒకటి రేవులో అరిగింది.

గోదారిగాలి వాళ్ళ నాయనమ్మా, కేరళ కుర్రాడి తాతా ఒకే పేరు చెబుతున్నారు.

గోదారిగాలి
ఇది అద్భుతం. ఇప్పుడే కేరళవాడికి చెప్పాను. "మా తాత ఎప్పుడూ తప్పు చెప్పడు" అన్నాడు, కిచెన్‌లోకి పోయాడు.

తేయాకుతాత
కోపమేం లేదు నాయనా. మరి టీ పొట్లం మీద ఇంకా సిలోన్ టీ అనే ఉందేం?

ఓడరేవు_మాట
డబ్బు తాతగారూ. ప్రపంచమంతా ఆ పేరుతోనే కొంటోంది. 2011లో ప్రభుత్వ సంస్థల పేర్లలో సిలోన్ తీసేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది, టీ జోలికి మాత్రం పోలేదు. దాల్చినచెక్క కూడా అంతే, సిలోన్ అంటేనే ధర.

పరోటామాస్టర్
మా బండి మీద సిలోన్ పరోటా 20 ఏళ్ళుగా అమ్ముతున్నా. శ్రీలంక పరోటా అని రాస్తే ఎవడూ కొనడు. ఇది నా అనుభవం.

స్టాంపులబ్బాయి
తేయాకుతాత గారి "పేరు మార్చారు" అన్న మాట మీద చిన్న సవరణ. నా దగ్గర 1950ల నాటి సిలోన్ స్టాంపులున్నాయి. ఇంగ్లీషులో సిలోన్ అని ఉంటుంది. అదే స్టాంపు మీద సింహళ లిపిలో లంకా, తమిళంలో ఇలంగై. వాళ్ళ భాషల్లో వాళ్ళు ఎప్పుడూ సిలోన్ అనలేదు. 1972లో మారింది ఇంగ్లీషు పేరే. మద్రాసు, చెన్నై కూడా కాస్త అలాంటిదే కదా.

ఇంకో సంగతి. ఈ రోజుకీ తమిళంలో ఆ దేశం అధికారిక పేరు ఇలంగై అనే ఉంటుంది, ముందు శ్రీ ఉండదు.

అరవపక్క
అవును. తమిళంలో మాట ల తో మొదలవ్వకూడదన్నది పాత వ్యాకరణం పద్ధతి. ముందు ఇ చేరుస్తారు. రాముడు ఇరామన్, లంక ఇలంగై. అంతే, వేరే పేరేం కాదు.

ఈళం వేరు. సంగం నాటి తమిళ కావ్యం పట్టినప్పాలైలో కావేరిపట్నం రేవుకి దిగిన సరుకుల్లో ఈళపు తిండి అని వస్తుంది, అంత పాతది. సీహళలో స జారిపోయి ఈళ అయిందని చాలామంది అంటారు. కాదు, ఈళం అంటే తమిళంలో కల్లు అని, బంగారం అని కూడా అర్థాలున్నాయి, అది మా సొంత మాటే అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మొదటిదే నమ్మకంగా ఉంది కానీ మా మామగారి ముందు అనను.

చుట్టపొగ
కల్లు దేశం అని పేరుంటే నేను వీసా పెట్టుకునేవాణ్ణి.

గోదారిగాలి
అన్నట్టు శ్రీ ఎందుకు పెట్టారు? మర్యాదకా? శ్రీ కాళహస్తి లాగా?

స్టాంపులబ్బాయి
మర్యాదకే అనుకో. 1951లో పెట్టిన శ్రీలంకా ఫ్రీడమ్ పార్టీ పేరులో అప్పటికే ఉంది, ఆ పార్టీ వాళ్ళ ప్రభుత్వమే 1972లో రాజ్యాంగంలోకి తెచ్చింది. కానీ అక్కడ ఆ ఒక్క అక్షరం కోసం పెద్ద గొడవలే అయ్యాయి. 1950ల చివర్లో బండ్ల నంబరు ప్లేట్ల మీద సింహళ లిపిలో శ్రీ అక్షరం తప్పనిసరి చేశారు. తమిళ ప్రాంతాల్లో దాని మీద తారు పూశారు. 1958 అల్లర్లకు ముందు జరిగిన సంగతి ఇది. నీ రూములో ఇద్దరూ ఉన్నారు కదా, ఈ శ్రీ ప్రశ్న భోజనం దగ్గర అడగకు.

గోదారిగాలి
ఆలస్యమైంది. అడిగేశాను. జాఫ్నా ఆయన నవ్వి ఊరుకున్నాడు. "మా నాన్న కారుకి కూడా పూశారు" అన్నాడంతే. సింహళీయుడు టీ పెట్టి ముందు ఆయనకే ఇచ్చాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు "మచాన్" అనుకుంటారు, ఆ మాట ఎవరిదో అడిగితే మళ్ళీ ఇంకో పందెం.

రేడియోఅక్క
ఇన్ని పోస్టుల్లో ఎవరికీ రేడియో గుర్తు రాలేదా? మా ఇంట్లో ఆ దేశానికి ఒకటే పేరు, సిలోన్ స్టేషన్. అమ్మ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని "సిలోన్ పెట్టవే" అనేది. తెలుగు పాటలు వచ్చేవి, ముల్లు ఒక వెంట్రుకవాసి జరిగితే గరగర. 1972లో దేశంతో పాటు ఆ రేడియో సంస్థ పేరు కూడా శ్రీలంక అయింది. మా అమ్మ లెక్క చేయలేదు. పటంలో శ్రీలంక చూపించి ఇదే సిలోన్ అంటే "ఇంత దగ్గరా!" అంది. మద్రాసు కంటే స్పష్టంగా వినపడేది కదా, ఎక్కడో గొప్ప దేశం అనుకుందట.

తేయాకుతాత
అమ్మాయీ, కన్నీళ్ళు తెప్పించావు. ట్రాన్సిస్టర్ మీద తడిగుడ్డ వేస్తే బాగా వినపడుతుందని మా తమ్ముడు నమ్మేవాడు.

క్విజ్‌మాస్టర్
సరందీబ్ దగ్గర ఒకటి వదిలేశారు. ఇంగ్లీషులో సెరెండిపిటీ అనే మాట ఉంది కదా, ఒకటి వెతుకుతుంటే అనుకోకుండా ఇంకో మంచిది దొరకడం. 1754లో హొరేస్ వాల్పోల్ ఒక ఉత్తరంలో పుట్టించాడు. సరందీబ్ రాకుమారుల కథ చదివి, వాళ్ళు వెతకనివి కనిపెట్టేవారని ఆ పేరు పెట్టాడు. కాబట్టి ఆ ఇంగ్లీషు మాటలో కూడా సింహమూ ద్వీపమూ ఉన్నాయి.

వంగపండు_కాదు
నేను ఈ వేదికకి గ్యాస్ స్టవ్ రిపేరు గురించి వెతుక్కుంటూ వచ్చాను. ఇది అదేనా?

క్విజ్‌మాస్టర్
అదే.

పాముబుట్ట
దారి తప్పినా ఒక మాట. శ్రీలంకలో తెలుగు మాట్లాడే వాళ్ళున్నారు, అహికుంటికలు అంటారు. పాములాడించేవారు, ఊరూరా తిరిగేవారు. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే. అక్కడి క్యాండీ రాజ్యాన్ని చివరగా ఏలిన నాయక రాజులదీ తెలుగు మూలమే. ఆఖరి రాజుని 1815లో పట్టుకుని వెల్లూరు పంపేశారు, 1832లో అక్కడే పోయాడు. గోదారిగాలి, మీ రూమ్మేట్‌ని అహికుంటికల గురించి అడుగు.

గోదారిగాలి
అడిగాను. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి కోతితో వచ్చేవారట. వాళ్ళు మాట్లాడేది నా భాషని వాడికి తెలియదు. ఇప్పుడు నేను ఫోన్‌లో మాట్లాడితే శ్రద్ధగా వింటున్నాడు, అది వేరే టెన్షన్.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. లంకపొగాకు గారు చెప్పింది విన్నాక వాణ్ణి ఒకటి అడిగాను. మీ ఏట్లో, మీ చెరువులో చిన్న దీవి ఉంటే దాన్ని లంక అంటారా? నవ్వాడు. లంక ఒకటే ఉంటుంది, అది మా దేశం, చిన్నవాటిని "దూవ" అంటాం అన్నాడు. పక్కనుంచి తమిళాయన మేం "తీవు" అంటాం, నెడుందీవు ఉంది కదా అన్నాడు.

లంకపొగాకు
దూవ, తీవు... మన దివి!

ఓడరేవు_మాట
అంతే. ద్వీపం అరిగి సింహళంలో దూవ, తమిళంలో తీవు, తెలుగులో దివి. దివిసీమ అదే కదా, కృష్ణ రెండు పాయల మధ్య. మాల్దీవుల వాళ్ళు వాళ్ళ భాషని ధివేహి అంటారు, అదీ ఆ గూటి మాటే. సరందీబ్ చివర ఉన్న దీబ్ కూడా. మరి చూడండి, వాళ్ళు దేశానికి లంక అని, చిన్న దీవికి దూవ అని పంచుకున్నారు. మనం కృష్ణలో దివి, గోదాట్లో లంక అని పంచుకున్నాం.

కాశీలోరెండేళ్ళు
అయితే వాళ్ళ భాషలో లంక మామూలు మాట కాదు, మన భాషలో మామూలు మాట. ఇది లంకపొగాకు గారి వాదనకి బలమే. ఒప్పుకోవడం లేదు, బలమే అంటున్నాను.

లంకపొగాకు
ఈ వేదికలో అంత వచ్చినా గొప్పే. ఒక కట్ట చుట్టలు పంపిస్తాను.

హనుమజ్జంక్షన్
నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను.

వేదికపెద్ద
తెలుసు.

చుట్టపొగ
ఇంతకీ బిర్యానీ ఎవరు పెట్టారు?

గోదారిగాలి
కేరళ కుర్రాడు. వాడసలు పందెంలోనే లేడు. ఈ వాదన ఆగితే చాలు, నిద్రపోవాలి అన్నాడు. తింటుండగా నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నేను ఎత్తకముందే సింహళీయుడు "లంక? నీళ్ళు?" అని అడిగాడు. తీశాయి, ఒండ్రు బాగా పడిందట, ఈ ఏడు మిర్చి వేస్తారట అని చెప్పాను.